ఆల్డోనా ఆంటీ ఏడో విభక్తి

రెజైనా,
ఆదివారం మధ్యాహ్నం.

శారదక్కకి నీ తమ్ముడు మధు నమస్కారాలతో రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వు, బావగారు, అమ్మ, చిన్ని అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. బావగారి నడుంనొప్పి ఎలా ఉంది? లెక్కల పుస్తకం తెరవగానే చిన్నికి వచ్చే కడుపునొప్పి తగ్గిందా? అమ్మ మధ్యాహ్నం మాత్ర మర్చిపోకుండా వేసుకుంటోందా?

ఈ కవరు చూడగానే నీ గుండె గుభేలుమని ఉంటుంది. ఏమీ జరగలేదు. రోజూ ఫోన్లో మాట్లాడేవాడికి ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఈ సంగతి ఫోన్లో చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ నువ్వు మొదటి వాక్యానికే నవ్వి, బావగారికి చెప్పడానికి ఫోను పక్కన పెట్టేశావు. కాగితం అలా పక్కన పెట్టినా ఆగిన చోటే ఉంటుంది.

మార్చి నెలలో ఒకరోజు నేను ఫోన్ చేసి, "అక్కా, సూను శబ్దానికి సంబోధన ఏమిటి?" అని అడిగాను, గుర్తుందా? నువ్వు, "జ్వరం చూసుకున్నావా?" అన్నావు. నీ అనుమానంలో తప్పు లేదు. సంస్కృతం లెక్చరర్‌కి తమ్ముణ్ణై ఉండి, దేవనాగరిలో నా పేరు కూడా రాయడం రాకుండా, ఇంటర్లో సంస్కృతానికి నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్నవాణ్ణి. ఆ మార్కులు చూసి నువ్వు వారం రోజులు అన్నం సరిగా తినలేదు. అలాంటివాడు సంబోధన అడిగితే ఎవరికైనా జ్వరమనే అనిపిస్తుంది. ఆ రోజు ఎందుకు అడిగానో ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

ముందు మామూలు విషయాలు. చదువు చివరి సెమిస్టర్‌కి వచ్చింది. వారానికి నాలుగు సాయంత్రాలు ఒక సూపర్‌మార్కెట్లో బ్రెడ్ల దగ్గర పని. బాగానే తింటున్నాను. చలి తగ్గుముఖం పట్టింది. జనవరిలో మాత్రం మైనస్ ముప్పై ఐదు దాకా వెళ్ళింది. అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు ఇక్కడ మైనస్ అయిదు అని చదువు. ఆ చలిలో కార్లకి కూడా రాత్రంతా కరెంటు ప్లగ్గు పెట్టి వెచ్చగా ఉంచాలి, లేకపోతే పొద్దున్నే స్టార్ట్ కావు. నాకు ప్లగ్గు లేదు కాబట్టి రెండు స్వెట్టర్లు, ఒక కోటు, చెవుల టోపీ. బాగానే తింటున్నానని చెప్పాను కదా.

మేముండేది ఒక ఇంటి బేస్‌మెంట్‌లో. నేనూ, తిరుపతీ. వాడిది కరీంనగర్ పక్కన. నా క్లాసే, ఒక గోడౌన్‌లో పార్ట్‌టైమ్ చేస్తాడు. పైన ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. పేరు ఆల్డోనా. ఎనభై దాటాయి. నిజానికి మామ్మగారు అనాలి, కానీ ఇక్కడ మనవాళ్ళకి ఇంటి ఓనరు ఎవరైనా ఆంటీయే. తిరుపతి మాత్రం వెనకాల అవ్వ అంటాడు, వాళ్ళ వైపు అమ్మని కూడా అలాగే అంటారట. ఆవిడది లిథువేనియా అనే దేశం. రష్యాకీ పోలండుకీ దగ్గర్లో, సముద్రం ఒడ్డున ఉంటుంది. యుద్ధంలో ఊరు వదిలి పారిపోయినప్పుడు ఆవిడ చంటిపిల్ల. పెరిగింది, పెళ్ళి చేసుకుంది అంతా టొరంటో వైపే. అక్కడ తమవాళ్ళ పిల్లలకి శనివారం బడిలో ఏళ్ళ తరబడి లిథువేనియన్ వ్యాకరణం చెప్పిందట. తర్వాత భర్త ఉద్యోగం కోసం రెజైనా వచ్చారు. ఆయన పోయారు, పిల్లలు లేరు. ఈ ఊళ్ళో ఆవిడ భాష మాట్లాడేవాళ్ళు ఎవరూ ఆవిడకి తెలియదు. మాతో ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. నేను తెలుగులో రాస్తున్నాను.

మేము చేరిన రెండో నెలలో మొదటి మంచు పడింది. పొద్దున్నే లేచి కిటికీలోంచి చూస్తే వీధంతా తెల్లగా ఉంది. అప్పుడే పైనుంచి మెట్ల తలుపు తెరుచుకుంది. ఆంటీ గట్టిగా, "సూనౌ!" అని కేకేసింది.

నాకు స్నో అని వినబడింది. ముసలావిడ, వేరే దేశం యాస, కాస్త సాగదీసి అంటోంది అనుకున్నాను. తలుపు పక్కన మంచు ఎత్తే పార ఉంది. ఇంటావిడ పొద్దున్నే మంచు అని అరిచిందంటే, మంచు చూడమని పిలవదు కదా, తీయమనే. కోటు వేసుకుని బయటికి వెళ్ళి, వాకిలంతా గీకి, కాలిబాట కూడా శుభ్రం చేసి వచ్చాను. లోపలికి రాగానే ఆంటీ వేడి వేడి పళ్ళెం ఇచ్చింది. కుగెలిస్ అంటారు. బంగాళాదుంపలు తురిమి, గుడ్డు కలిపి, పళ్ళెంలో కాల్చేది. మన దిబ్బరొట్టెకి దూరపు చుట్టం. పని చేసినందుకు కూలి అనుకుని తిన్నాను.

మర్నాడు మళ్ళీ, "సూనౌ!" మళ్ళీ పార. మళ్ళీ పళ్ళెం.

నవంబరంతా అలాగే గడిచింది. డిసెంబరంతా అలాగే గడిచింది. మంచు పడ్డ రోజు పిలిచేది, పడని రోజు కూడా పిలిచేది. పడని రోజు పాత గడ్డలు ఏరేవాణ్ణి. ఒకరోజు ఏమీ దొరక్క పక్కింటి వాళ్ళ వాకిలి కూడా గీకాను. వాళ్ళు నన్ను చూసి చెయ్యి ఊపారు. తిరుపతి మాత్రం దుప్పట్లోంచి కదిలేవాడు కాదు.

"అగ్రిమెంట్ల సాఫ్‌గ రాసున్నది. మంచు తీసుడు ఓనర్ పని. నువ్వెందుకు తీస్తున్నవ్‌రా?" అనేవాడు.

"పెద్దావిడ కదా, పిలుస్తోంది."

"గా అవ్వ కూతెయ్యంగనే పారవట్టుకొని ఉరుకుతున్నవ్. రేపు ఇంటి మీది కప్పు గూడ ఊడ్వమంటది, ఊడుస్తవా?"

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రంతా మంచు కురిసింది. శనివారం పొద్దున్న గంటన్నర గీకి, వేళ్ళు తిమ్మిరెక్కి లోపలికి వచ్చి బూట్లు విప్పుతున్నాను. పైనుంచి, "సూనౌ!" అని మళ్ళీ కేక. అక్కా, నాకెప్పుడూ అంత కోపం రాలేదు. "ఇంకా ఎక్కడుంది స్నో?" అని తెలుగులోనే అరిచాను. తిరుపతి ఇన్నాళ్ళూ ఎదురుచూసిన రోజు వచ్చినట్టు లేచి కూర్చున్నాడు. అగ్రిమెంటు ప్రింటు తీసి, ఆ వాక్యం మీద పసుపు రంగు పూశాడు.

"పద. నేను మాట్లాడ్త," అన్నాడు.

ఇద్దరం పైకి వెళ్ళాం. ఆంటీ వంటింట్లో బల్ల దగ్గర ఉంది. తిరుపతి కాగితం బల్ల మీద పెట్టి, "ఆంటీ, మంచు తీయించే బాధ్యత మీదని ఇందులో ఉంది," అన్నాడు. ఇంగ్లీషులో వాడు చాలా మర్యాదస్థుడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "అవును, నాదే. అయితే?"

"మరి రోజూ మధుని ఎందుకు తీయమంటున్నారు?"

"నేనా? ఎప్పుడన్నాను?"

"రోజూ పొద్దున్నే మెట్ల మీంచి పిలుస్తారు కదా, ఆంటీ," అన్నాను నేను.

"పిలుస్తాను. టిఫిన్‌కి పిలుస్తాను. నా మాట పూర్తయ్యేలోపే నువ్వు పార తీసుకుని బయట ఉంటావు. ఈ అబ్బాయికి ఇంత పని పిచ్చేమిటి, ముందు తిని వెళ్ళొచ్చు కదా అని రోజూ అనుకుంటాను. నువ్వొచ్చేసరికి చల్లారిపోతోందని రెండుసార్లు వేడి చేస్తున్నాను."

"మీరు స్నో అంటారు కదా!"

"నేనా? మంచుని మేం స్నియెగస్ అంటాం. స్నో అని నేనెందుకు కేకలేస్తాను?"

"నిన్న కూడా అన్నారు, ఆంటీ. ఇవాళ కూడా అన్నారు." ఆవిడ గొంతుతోనే అనుకరించి చూపించాను. "సూనౌ!"

ఆవిడ కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. బల్ల మీద కొట్టి కొట్టి నవ్వింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. తిరుపతి మెల్లగా అగ్రిమెంటు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నవ్వు ఆగాక లేచి ఫ్రిజ్ తలుపుకి అంటించిన తెల్లబోర్డు తుడిచింది. సరుకుల జాబితా ఉన్న చోట ఒకదాని కింద ఒకటి ఏడు మాటలు రాసింది. సూనుస్ అంటే కొడుకు. సూనౌస్, కొడుకు యొక్క. సూనుయ్, కొడుక్కి. సూనూ, కొడుకుని. సూనుమి, కొడుకుతో. సూనుయె, కొడుకులో. ఏడోది రాసి దాని కింద రెండు గీతలు గీసింది. "సూనౌ. ఇది పిలుపు. ఈ విభక్తి పేరులోనే మా భాషలో కేక అనే మాట ఉంది," అంది.

నాకు మన డు-ము-వు-లు గుర్తొచ్చింది. వీళ్ళకి కూడా ఇదేనా అనుకుంటే కాస్త జాలేసింది.

ఆవిడ ఆగలేదు. నా పేరు గురించి కూడా చెప్పింది. ఇల్లు అడగడానికి వచ్చిన రోజు నా పేరుకి అర్థం అడిగితే తేనె అన్నానట. వాళ్ళ భాషలో తేనెని మెదుస్ అంటారట. "మధు, మెదుస్. మీ దేశం మాటా మా దేశం మాటా ఎప్పుడో ఒకే ఇంట్లో పుట్టినవి. సూనుస్ కూడా మీ సంస్కృతంలో ఉంది. పైగా మెదుస్, సూనుస్ రెండిటికీ ఒకే రకం విభక్తులు. ఆ రోజే నిన్ను ఏమని పిలవాలో అనుకున్నాను," అంది. తర్వాత తిరుపతి వైపు చూసి, "నిన్ను కూడా అలాగే పిలిచాను. నువ్వు కాస్త మొండి," అంది.

తిరుపతి తల దించుకున్నాడు. నేను నవ్వుతున్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆవిడ చేతిలో పెన్ను పట్టుకునే మామూలుగా అడిగింది.

"అయితే ఈ చలికాలమంతా నువ్వు మంచు తీసింది, నేను తీయమన్నాననా?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం కావాలి. ఆ క్షణంలో తిరుపతి, "అవును, ఆంటీ, అందుకే," అనేశాడు.

ఆవిడ తల ఊపింది. "నేను కొడుకా అంటే పరిగెత్తుకుని వెళ్ళి నా వాకిలి బాగు చేస్తున్నావనుకున్నాను," అంది. బోర్డు మీద రాసినవి ఒక్కొక్కటే తుడిచింది. కింది నుంచి పైకి తుడిచింది కాబట్టి ముందు పోయింది ఏడోదే. తర్వాత మా ఇద్దరికీ పళ్ళేలలో కుగెలిస్ పెట్టి, తను పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పిలుపు లేదు. ఆ తర్వాత రోజు ఒకాయన మంచు ఊడ్చే యంత్రం వేసుకుని వచ్చి పది నిమిషాల్లో వాకిలి శుభ్రం చేసి వెళ్ళాడు. మా తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. "అద్దెకున్నవారికి: ఇకనుంచి మంచు పని వేరే మనిషి చూసుకుంటాడు. ఇబ్బంది కలిగించినందుకు మన్నించండి." కింద పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

అక్కా, మూడు వారాలు అలా గడిచాయి. మెట్ల మీద ఎదురుపడితే గుడ్ మార్నింగ్ అనేది, అంతే. నేను పొద్దున్నే అదే టైముకి లేచి, కళ్ళు తెరుచుకుని పడుకునేవాణ్ణి. పైన ఆవిడ నడుస్తున్న చప్పుడు వినిపించేది. తలుపు తెరుచుకునేది కాదు. బయట చలి నుంచి తప్పించుకున్నానని సంతోషంగా ఉండాలి కదా? లేను. తిరుపతి కూడా లేడు.

"గా ఒక్క మాట నేననకుండ ఉండాల్సింది," అన్నాడొక రోజు. "మా అవ్వ గూడ నన్ను కొడుకా అనే పిలుస్తది. ఫోన్ల గూడ. గట్ల పిలిస్తే నేను అగ్రిమెంట్ సూపెట్టినట్టైంది."

నేను నీకు ఫోన్ చేసింది ఆ రోజే. నువ్వు జ్వరం సంగతి వదిలేశాక, "సూనుః సూనూ సూనవః" అని మొదలుపెట్టి సంబోధన దాకా చెప్పావు. "హే సూనో" అన్నావు. లిథువేనియా వాళ్ళు సూనౌ అంటారట, మనకెందుకు కాదు అంటే, "అ, ఉ కలిస్తే మనకి ఓ అవుతుంది, గుణసంధి. వాళ్ళు కలపకుండా రెండూ విడిగానే ఉంచుకుని ఉంటారు," అన్నావు. కనడం అనే అర్థమున్న సూ ధాతువు నుంచే ఆ మాట వచ్చిందని, మన ప్రసూతి ఆసుపత్రిలో ఉన్నది కూడా ఆ సూ అని, చివరికి ఇంగ్లీషు వాళ్ళ సన్ కూడా దానికి దాయాదేనని చెప్పావు. స్నో అనే మాటకీ మన స్నేహానికీ చుట్టరికం ఉందని కొందరు పండితులంటారని, అందరూ ఒప్పుకోరని కూడా అన్నావు. ఆ ముక్క తిరుపతికి చెప్పాను. "మైనస్ ముప్పైల పార పడితే ఎర్కైతది ఏం స్నేహమో," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక కూర్చుని ఆవిడకి ఒక చీటీ రాశాను. బోర్డు మీద చూసిన మాటలు, ఇంటర్నెట్లో ఏరుకున్న మాటలు కలిపి లిథువేనియన్లోనే రాశాను. "లాబస్ రీతస్. ఆత్సిప్రషౌ. యూసూ సూనౌ మధు." శుభోదయం, క్షమించండి, మీ కొడుకు మధు. పై తలుపు కింది నుంచి లోపలికి తోసి, దొంగలా దిగి వచ్చేశాను.

సాయంత్రం పని నుంచి వచ్చేసరికి ఆ చీటీ మా తలుపు కింద ఉంది. నిండా ఎర్రసిరా. శుభోదయానికి టిక్కు. క్షమించండికి టిక్కు, కాకపోతే ఒక అక్షరం మీద కొక్కెం మర్చిపోయానని సున్నా చుట్టింది. మూడో వాక్యంలో సూనౌ కొట్టేసి, పైన సూనుస్ అని రాసింది. పదికి ఆరు మార్కులు. నా జీవితంలో నిజంగా సంపాదించుకున్న భాషా మార్కులు అవేనేమో, అక్కా. పక్కన మార్జిన్లో ఇంగ్లీషులో ఇలా రాసింది: "ఇది పిలుపు. నిన్ను నువ్వు పిలుచుకోలేవు. అది నా పని."

నాలుగుసార్లు చదివాను. తిరుపతి లాక్కుని చదివి, "గిది కోపమా, కాదా?" అన్నాడు. నాకూ తెలియలేదు.

మర్నాడు పొద్దున్న మెట్ల తలుపు తెరుచుకుంది. "సూనౌ!"

చెప్పులు కూడా వేసుకోకుండా పైకి పరిగెత్తాను. వెనకాల దుప్పటి చుట్టుకుని తిరుపతి. వాడు ఆ టైముకి లేవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఆవిడ మమ్మల్నిద్దరినీ తలుపులో చూసి, "దు సూను," అంది. తిరుపతి బెదిరిపోయి, "సూన్ అంటున్నది, జల్దీ రమ్మంటున్నదేమో," అన్నాడు. కాదు. ఇద్దరు కొడుకులట. ద్వివచనం! వాళ్ళ భాషలో కూడా ఉండేదట, ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరట. వాళ్ళ మామ్మ మాటల్లో వినేదట. "పిల్లలకి బోర్డు మీద రాసి చూపించాను గానీ, వాడే సందర్భం నాకెప్పుడూ రాలేదు. ఏడో విభక్తి కూడా అంతే. ఎన్ని వందలసార్లు రాశానో. మీరొచ్చేదాకా ఇంట్లో ఎవర్నీ పిలవలేదు," అంది. అని వెంటనే, "కూర్చోండి, చల్లారిపోతుంది," అంది.

నువ్వు పంపిన కందిపొడి ఆ రోజే పైకి పట్టుకెళ్ళాను. కుగెలిస్‌లో నంజుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దగ్గింది, మళ్ళీ వేసుకుంది. ఇప్పుడు సీసా పైనే ఉంది. కాబట్టి ఎవరైనా ఇటు వస్తుంటే రెండు సీసాలు పంపించు. ఒకటి కారం తక్కువది.

ఇక అసలు సంగతి. పోయిన వారం ఆంటీకి కంటి ఆపరేషన్ జరిగింది. శుక్లం. ఆపరేషన్ అయ్యాక ఇంటికి తీసుకెళ్ళడానికి మనిషి ఉండాలన్నారు. తిరుపతి ఒక పాత కారు కొన్నాడు. వాడు నడిపాడు, నేను వెనకాల ఆవిడ పక్కన కూర్చున్నాను. దారంతా ఆవిడ సంచి పిడి గట్టిగా పట్టుకునే కూర్చుంది. భయపడుతోందని అర్థమైంది. నేనూ భయపడ్డాను. ఎనభై దాటిన మనిషి, ఏదైనా జరిగితే నేనెవరికి ఫోన్ చెయ్యాలి?

క్లినిక్ కౌంటర్లో ఉన్న అమ్మాయి వివరాలన్నీ టైప్ చేసి నా వైపు చూసింది. "మీరు వీరికి ఏమవుతారు?"

"టెనెంట్‌ని," అన్నాను. "బేస్‌మెంట్‌లో ఉంటాను."

"సూనుస్," అంది ఆంటీ.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "సారీ మేడమ్, ఏమన్నారు?"

"సూనుస్. రాయి. ఎస్, తర్వాత యు, దాని మీద గీత ఉండాలి."

"ఈ కీబోర్డులో గీత రాదండీ."

"అయితే ప్రింటు తియ్యి, నేను పెడతాను."

ఆ అమ్మాయి ఆవిడ ముఖం చూసింది, నా ముఖం చూసింది. ఆవిడ పాలలా ఉంటుంది, నేనెలా ఉంటానో నీకు తెలుసు. "అంటే... సన్నా?" అంది.

"ప్రథమా విభక్తి, ఏకవచనం," అంది ఆంటీ చాలా గంభీరంగా. నా వైపు తిరిగి, "ఇప్పుడు పిలవడం లేదు. ఎవరని అడిగారు, చెబుతున్నాను. అందుకే సూనుస్," అంది. ప్రింటు రాగానే పెన్ను తీసుకుని, కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని, ఆ యు మీద గీత పెట్టింది. అది కొంచెం వంకరగా వచ్చింది. తర్వాత నర్సు వచ్చి లోపలికి తీసుకెళ్ళింది. నేను గోడ పక్కన కుర్చీలో కూర్చుని, ఆ అమ్మాయి చూడకుండా ముక్కు తుడుచుకున్నాను. తిరుపతి మాత్రం పార్కింగ్ నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు. "అవ్వకు ఎట్లున్నది? అవ్వకు ఎట్లున్నది?" అని.

ఆపరేషన్ బాగా జరిగింది, అక్కా. దిగులేం లేదు. రోజుకి నాలుగుసార్లు కంట్లో చుక్కలు వెయ్యాలి, వేస్తున్నాం.

తిరిగి వచ్చేటప్పుడు ఒక కంటికి కట్టుతో ఆవిడ చాలా హుషారుగా ఉంది. "మీ ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు?" అని అడిగింది.

"మా అక్క అయితే 'ఒరేయ్' అంటుంది," అన్నాను.

"ఒరేయ్. అది ఏ విభక్తి?"

నాకు తెలిసిందొక్కటే, ఓ ఓయీ ఓరీ ఓసీ సంబోధనా ప్రథమావిభక్తి. అదే అప్పజెప్పాను. ఆవిడ వెంటనే సీట్లో నిటారుగా అయింది. ఓరీ మగవాళ్ళకి, ఓసీ ఆడవాళ్ళకి అయితే, ఒరేయ్‌లో ఆ 'య్' ఎక్కడిది? బహువచనం ఏమిటి? నిన్ను పిలిచేటప్పుడు పేరు చివర ఏమైనా మారుతుందా? తిరుపతి అద్దంలోంచి నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. నీ తొంభై ఎనిమిది మార్కుల తమ్ముడి పరువు ఆ కార్లో పోయింది. చివరికి, "మా అక్క చెబుతుంది, ఆంటీ, ఆవిడ కూడా వ్యాకరణం టీచరే," అన్నాను.

కాబట్టి నువ్వు కాస్త సిద్ధంగా ఉండు. ఆవిడకి రెండు కళ్ళూ బాగా కనబడ్డాక వీడియోలో నీతో మాట్లాడుతుందట. పుస్తకంలో ఉన్నది చెబితే ఊరుకోదు. ఆధారాలు అడుగుతుంది. ఈలోపు ఉకారాంత శబ్దం పట్టిక నీ చేత్తో రాసి పంపించు. ఫోన్లో ఫోటో వద్దట, కాగితమే కావాలట. ఫ్రిజ్ మీద అంటించడానికి.

బావగారికి నమస్కారాలు. అమ్మకి పాదాభివందనాలు. చిన్నికి ముద్దులు, కడుపునొప్పి అబద్ధమని నాకు తెలుసని చెప్పు. ఇంటి పక్క సుబ్బలక్ష్మి అత్తయ్యగారికి, మీ కాలేజీలో నన్నెరిగిన మాస్టార్లకి నా నమస్కారాలు చెప్పు. నేను బాగానే తింటున్నాను, టోపీ పెట్టుకుంటున్నాను. చదువు పూర్తయి మంచి ఉద్యోగం దొరకాలని మీరంతా దీవించండి.

నువ్వు ఒరేయ్ అని పిలిస్తే పలికే,
మధు
ప్రథమా విభక్తి, ఏకవచనం.